రాగి బిళ్ళ మీది డాలు ఎవరిది? గుర్తు తెలియని పాత టోకెన్‌ను చిహ్నాల ద్వారా పోల్చుకోవడం ఎలా

పాత పెట్టె అడుగున దొరికిన రాగి బిళ్ళ మీద ఒక డాలు, డాలు పైన కిరీటం, దానికి అటూ ఇటూ లేచి నిలబడిన రెండు జంతువులు కనిపిస్తే ఎవరికైనా మొదట పుట్టే ప్రశ్న "ఇది ఏ రాజుది?" అన్నదే. ఆ ప్రశ్నతో మొదలుపెట్టినవారు చాలాసార్లు దారి తప్పుతారు. నాణేన్ని ప్రభుత్వం ముద్రిస్తుంది కనుక దాని మీది చిహ్నం సాధారణంగా ఆ ప్రభుత్వానిదే అయి ఉంటుంది. టోకెన్ సంగతి అలా కాదు. చిల్లర కరువైన కాలంలో దాన్ని కిరాణా వర్తకుడు చేయించవచ్చు, గని యజమాని చేయించవచ్చు, సత్రం నడిపేవాడు చేయించవచ్చు. దాని మీది డాలు అతని సొంత వంశానిది కాకుండా అతని ఊరిదో, వృత్తి సంఘానిదో, సత్రం బోర్డు మీది బొమ్మో కావచ్చు. కాబట్టి "ఈ చిహ్నం ఎవరిది?" అన్నదాన్ని రెండో ప్రశ్నగా పక్కన పెట్టి, "ఈ చిహ్నం ఈ బిళ్ళ మీదికి ఎందుకు వచ్చింది?" అన్నదాన్ని మొదటి ప్రశ్నగా పెట్టుకోవాలి. కింద చెప్పే క్రమమంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. డాళ్ళ సంప్రదాయం, అంటే హెరాల్డ్రీ, యూరప్‌ది కనుక ఉదాహరణలు కూడా అక్కడివే, ఎక్కువగా బ్రిటన్‌వి.

ముందుగా: తోమకండి

రాగి మీద ఏళ్ళ తరబడి పేరుకున్న గోధుమ రంగు లేదా నల్లటి పొర మురికి కాదు. అక్షరాల అంచులను, డాలులోని సన్నని గీతలను కాపాడుతున్నది అదే. పులుపుతోనో, లోహపు పాలిష్‌తోనో తోమితే బిళ్ళ తళతళలాడుతుంది గాని, మనకు కావలసిన సాక్ష్యం ఆ తళుకుతో పాటే కొట్టుకుపోతుంది. మట్టి అంటుకొని ఉంటే డిస్టిల్డ్ నీటిలో కొంతసేపు నానబెట్టి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. గీకితే పొడిలా రాలే లేత పచ్చ చిలుము మచ్చలు ఉంటే అది లోహాన్ని తినే రకం కావచ్చు కనుక, ఆ బిళ్ళను తక్కినవాటికి దూరంగా పొడిచోట ఉంచి, తెలిసినవారికి చూపించే వరకు దాని జోలికి పోకపోవడమే మంచిది.

చదవడానికి వెలుతురే అసలు పనిముట్టు. గదిలో లైట్లు ఆర్పి, చిన్న టార్చిని బిళ్ళ పక్కన దాదాపు నేల మట్టంలో పెట్టి, బిళ్ళను నెమ్మదిగా తిప్పుతూ పోండి. పైనుంచి పడే వెలుగులో ఏమీ లేదనిపించిన చోట ఏటవాలు వెలుగులో ఒక అక్షరమో, సింహం తోకో పైకి లేస్తుంది. ఎనిమిది దిక్కుల నుంచి ఎనిమిది ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ ఒక్క ఫోటోలోనూ కనిపించని పదం కొన్నిసార్లు మొత్తంగా కూడుకుంటుంది. పలుచని కాగితం కప్పి మెత్తటి పెన్సిల్‌తో మెల్లగా రుద్దడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనికొస్తుంది. కాకపోతే పూర్తిగా అరిగిపోయిన బిళ్ళలకు అది అంతగా సాయపడదు.

కొలతలు, లోహం, అంచు

బొమ్మను చూసే ముందు అంకెలు రాసుకోండి. వ్యాసాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో మిల్లీమీటరులో పదో వంతు వరకు, బరువును బంగారం తూచే చిన్న త్రాసుతో గ్రాములో నూరో వంతు వరకు కొలవాలి. ఇది రాగా, ఇత్తడా అన్న సందేహం ఉంటే సాంద్రత చూడవచ్చు. బిళ్ళను ముందు గాలిలో తూచి, తర్వాత సన్నని దారంతో నీటిలో వేలాడదీసి తూచి, మొదటి బరువును ఆ రెండు బరువుల తేడాతో భాగించండి. శుద్ధమైన రాగికి ఆ ఫలితం 8.9 దగ్గరగా వస్తుంది, ఇత్తడికి 8.4 నుంచి 8.7 మధ్య ఉంటుంది. సీసమైతే 11 దాటిపోతుంది. చిన్న బిళ్ళలకు ఈ లెక్కలో పొరపాటు సులువు కనుక మూడుసార్లు చేసి సరాసరి తీసుకోవాలి.

ఈ అంకెలు చిహ్నాలకంటే ముందే కొన్ని దారులు మూసేస్తాయి. సుమారు 16 మిల్లీమీటర్ల పలుచని రాగి బిళ్ళ 17వ శతాబ్దపు ఇంగ్లీషు వర్తకుల ఫార్దింగ్ (పావు పెన్నీ) టోకెన్ కావచ్చు గాని, 18వ శతాబ్దం చివరి హాఫ్‌పెన్నీ (అర పెన్నీ) టోకెన్ కాజాలదు; ఆ రెండో రకం దళసరిగా, 28, 29 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉంటుంది. డాలు, కిరీటం ఉన్న పలుచని ఇత్తడి బిళ్ళ అయితే అసలు డబ్బుగా చెలామణి అయ్యే ఉద్దేశంతో చేసినది కాకపోవచ్చు.

అంచును తప్పకుండా చూడండి. బొమ్మా బొరుసూ చూసి సంతృప్తిపడి బిళ్ళను కింద పెట్టేసేవారు పోగొట్టుకునే సమాచారం ఎక్కువగా అక్కడే ఉంటుంది. 1787 తర్వాత బ్రిటన్‌లో వెలువడిన రాగి టోకెన్లలో చాలావాటి అంచు మీద, వాటిని తీసుకువెళ్ళి ఎవరి దగ్గర, ఏ ఊరిలో అసలు డబ్బుగా మార్చుకోవచ్చో అక్షరాలు చెక్కి ఉంటాయి. రెండు ముఖాలూ అరిగిపోయినా అంచు బతికి ఉండడం అరుదేమీ కాదు.

ఇది అసలు టోకెనేనా?

డాలు ఉన్న ప్రతి రాగి ముక్కా టోకెన్ కాదు. వెనుక వైపు మధ్యలో అతుకు మచ్చ ఉంటే అది బొత్తం. పెద్ద ఇళ్ళలో పనివారి దుస్తులకు యజమాని చిహ్నం ఉన్న బొత్తాలు కుట్టేవారు. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండి, బొమ్మ లోపలికి చెక్కి ఉంటే అది ముద్రవేసే సీలు. పైన చిన్న కొక్కెం ఉండి, ముక్క మొత్తం డాలు ఆకారంలోనే ఉండి, గుంటల్లో ఎరుపో నీలమో ఎనామెల్ మిగిలి ఉంటే అది మధ్యయుగంలో గుర్రపు సామానుకు వేలాడదీసిన పతకం అయ్యే అవకాశం ఎక్కువ. ఒక వైపే ముద్ర ఉండి, రెండో వైపు బోసిగా ఉంటే బంగారు నాణేలను సరిచూసే తూకపు రాయి కావచ్చు.

టోకెన్‌ను పోలి ఉండి అందరినీ మోసపుచ్చేవి లెక్కల బిళ్ళలు, అంటే జెటాన్లు. గీతలు గీసిన బల్ల మీద బిళ్ళలు జరుపుతూ కూడికలు, తీసివేతలు చేసే రోజుల్లో జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరం వీటిని కుప్పలు తెప్పలుగా తయారుచేసి యూరప్ అంతటికీ పంపింది. ఒక వైపు మూడు వంపుల చట్రంలో శిలువ ఉన్న గోళం, రెండో వైపు మధ్యలో గులాబీ, దాని చుట్టూ మూడు కిరీటాలు, మూడు లిల్లీ పువ్వులు ఒకదాని తర్వాత ఒకటిగా ఉంటే, అది 16, 17వ శతాబ్దాల న్యూరెంబర్గ్ బిళ్ళే అని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. గోళం చక్రవర్తి అధికారానికి, లిల్లీ ఫ్రాన్సు రాజుకు గుర్తులు కనుక ఇదేదో రాజుల ఒప్పందపు పతకమని ఊహలు అల్లినవారు ఉన్నారు. నిజానికి అక్కడ ఆ గుర్తులకు అలంకారాన్ని మించిన పని లేదు. చుట్టూ ఉన్న అక్షరాల్లో హాన్స్ క్రౌవింకెల్, షుల్టెస్, లౌఫర్ వంటి తయారీదారుల పేర్లో, జర్మన్ భాషలో దేవుణ్ణి తలచుకునే చిన్న సామెతలో ఉంటాయి. కొన్నిటి మీద ఏ భాషకూ చెందని అక్షరాల వరుస మాత్రమే ఉంటుంది. దాన్ని చదవాలని నేను ఒక సాయంత్రమంతా వెచ్చించిన తర్వాతే, చెక్కినవాడికి కూడా అర్థం తెలియని రాత ఉండవచ్చని నాకు తోచింది.

పేరు పెట్టకుండా వర్ణించండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు. కనిపిస్తున్నదాన్ని, అది ఏమిటో తేల్చకుండా, ముందు మాటల్లో రాయాలి. "ఇంగ్లండ్ సింహం" అని రాయకూడదు. "ఎడమకు నడుస్తూ, కుడి ముందుకాలు ఎత్తి, ముఖం మనవైపు తిప్పిన సింహం" అని రాయాలి. "ఆస్ట్రియా గద్ద" అని కాదు. "రెండు తలల గద్ద, రెక్కలు విప్పినది, తలల మీద ఒకే కిరీటం, రొమ్ము మీద చిన్న డాలు" అని రాయాలి. గండభేరుండంలా కనిపించే రెండు తలల గద్దను పవిత్ర రోమన్ సామ్రాజ్యమూ వాడింది, రష్యా కూడా వాడింది. రొమ్ము మీది చిన్న డాలులో గుర్రం మీద పాముతో పోరాడే వీరుడు ఉంటే అది రష్యా. పేరు ముందే పెట్టేస్తే ఆ చిన్న డాలును చూడాలన్న ఆలోచన కూడా రాదు.

వర్ణించేటప్పుడు డాలు నేలతో, అంటే బొమ్మల వెనుక పరుచుకున్న భాగంతో, మొదలుపెట్టి, దాన్ని ఏ పట్టీ విభజిస్తున్నదో చెప్పి, తర్వాత దాని మీది వస్తువులను, వాటి సంఖ్యను, అమరికను చెప్పాలి. నిలువు పట్టీ, అడ్డ పట్టీ, ఏటవాలు పట్టీ, ఇంటి కప్పు వాసాల్లా పైకి కోణంగా కలిసే షెవ్రాన్, శిలువ అనేవి తరచుగా కనిపించే విభజనలు. జంతువు వెనుక కాలి మీద లేచి నిలిస్తే రాంపెంట్ అంటారు, నడుస్తూ ఉంటే పాసెంట్ అంటారు. కేటలాగుల్లో వెతకడానికి ఈ మాటలే పనికొస్తాయి. ఒక మెలిక గుర్తుంచుకోవాలి. హెరాల్డ్రీలో కుడి, ఎడమ అన్నవి డాలు పట్టుకొని నిలబడినవాడి కుడి ఎడమలు. చూస్తున్న మనకు ఎడమగా ఉన్నది అక్కడ కుడి అవుతుంది. పుస్తకాల్లోని వర్ణనతో పోల్చేటప్పుడు ఈ ఒక్క పొరపాటే సరైన జవాబును తోసేయగలదు.

అమరిక ఎంత ముఖ్యమో మూడు కిరీటాల సంగతి చూస్తే తెలుస్తుంది. డాలు మీద పైన రెండు, కింద ఒకటిగా మూడు కిరీటాలు ఉంటే అది స్వీడన్ చిహ్నం కావచ్చు. మూడూ ఒకదాని కింద ఒకటిగా నిలువు వరుసలో ఉంటే ఇంగ్లండ్‌లోని హల్ నగరం వైపు చూడాలి. డాలు పైభాగంలో మాత్రమే అడ్డంగా మూడు ఉంటే జర్మనీలోని కొలోన్ గుర్తుకు రావాలి. డాలు లేకుండా గులాబీ చుట్టూ తిరిగితే, ఇందాక చెప్పిన న్యూరెంబర్గ్ బిళ్ళ. నోట్సులో "మూడు కిరీటాలు" అని మాత్రమే రాసుకుంటే ఈ నాలుగూ ఒకటే అయిపోతాయి.

గీతల్లో దాగిన రంగులు

రాగి మీద రంగులు ఉండవు గాని, వాటికి బదులు గీతలు ఉంటాయి. 1638లో సిల్వెస్టర్ పెట్రా సాంక్టా అనే జెసూట్ మతగురువు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ప్రకారం చుక్కలు బంగారాన్ని, బోసి నేల వెండిని, నిలువు గీతలు ఎరుపును, అడ్డ గీతలు నీలాన్ని, అడ్డమూ నిలువూ కలిసిన గళ్ళు నలుపును సూచిస్తాయి. చూసేవారి ఎడమ పైమూల నుంచి కుడి కిందికి వాలే గీతలు ఆకుపచ్చ. ఆ వాలు తిరగబడితే ఊదా. సింహం ఒక్కటే ఉన్న డాళ్ళు వందల్లో ఉంటాయి గాని, నీలం నేల మీద బంగారు సింహం అని తేలితే ఆ జాబితా చాలా కుదించుకుపోతుంది.

అయితే ఈ గీతలను గుడ్డిగా నమ్మకూడదు. టోకెన్ చెక్కేవాడు చాలాసార్లు వాటిని అందం కోసం గీసేవాడు, లేదా అసలు గీసేవాడే కాదు. నేల బోసిగా ఉందంటే వెండి అని అర్థం కావచ్చు, గీతలు అరిగిపోయాయనీ కావచ్చు, చెక్కినవాడు పట్టించుకోలేదనీ కావచ్చు. గీతలు కనిపిస్తే సాక్ష్యంగా తీసుకోండి. కనిపించకపోవడాన్ని సాక్ష్యంగా తీసుకోకండి.

డాలు చుట్టూ ఉన్నవి

డాలు పైన కిరీటం ఉందంటే రాజుదని కాదు. బ్రిటిష్ ప్రభువులకు హోదాను బట్టి వేర్వేరు కిరీటాలు ఉన్నాయి. డ్యూక్ కిరీటంలో వరుసగా స్ట్రాబెర్రీ ఆకులు మాత్రమే ఉంటాయి. మార్క్విస్‌కు ఆకులూ గుండ్లూ ఒకదాని తర్వాత ఒకటి. ఎర్ల్‌కు పొడవాటి ముళ్ళ మీద నిలిచిన గుండ్లు, వాటి మధ్య పొట్టి ఆకులు. బారన్‌కు బొమ్మలో కనిపించేవి నాలుగు గుండ్లే. కోటగోడ ఆకారంలో బురుజులున్న కిరీటం ఎక్కువగా నగరాలది. కిరీటానికి బదులు వెడల్పాటి అంచున్న టోపీ, దాని నుంచి రెండు వైపులా కుచ్చులు వేలాడితే ఆ డాలు చర్చి పెద్దలది. ఒక్కో వైపు కుచ్చులు లెక్కపెట్టండి: కార్డినల్‌కు 15, ఆర్చిబిషప్‌కు 10, బిషప్‌కు 6. పాత బొమ్మల్లో ఈ లెక్క ఎప్పుడూ కచ్చితంగా పాటించలేదు కనుక దీన్ని తుది తీర్పుగా తీసుకోకూడదు.

డాలును అటూ ఇటూ పట్టుకొని నిలిచే జంతువులు, మనుషులు బ్రిటన్‌లో ప్రభువులకు, నగరాలకు, సంస్థలకు తప్ప మామూలు కుటుంబాలకు సాధారణంగా ఉండవు. అందుచేత అవి కనిపిస్తే, టోకెన్ చేయించిన దుకాణదారుడి ఇంటిపేరు వెంట పడడం మానేసి, ఊరిని గాని సంస్థను గాని వెతకండి.

నినాదపు పట్టీలో రెండు మూడు పదాలు చదవగలిగినా పని సగం పూర్తయినట్టే. "డామినె డిరిజె నోస్" అని ఉంటే లండన్ నగరం. డాలులో శిలువ, దాని పై గడిలో నిలువు కత్తి ఉండాలి. "నిసి డామినస్ ఫ్రుస్ట్రా" అంటే ఎడిన్‌బరో. కొండమీది మూడు బురుజుల కోట. "డియస్ నోబిస్ హేక్ ఓషియా ఫెసిట్" అంటే లివర్‌పూల్. ముక్కున నాచు కరచుకున్న పక్షి. "లుక్టోర్ ఎట్ ఎమెర్గో" అని, నీటి అలల్లోంచి సగం పైకి లేస్తున్న సింహం ఉంటే నెదర్లాండ్స్‌లోని జీలాండ్. బిళ్ళ వెనుక వి, ఓ, సి అక్షరాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకొని ఉంటే అది టోకెన్ కాదు, డచ్ ఈస్టిండియా కంపెనీ డుయిట్ నాణెం. లాటిన్ రాతలో యు స్థానంలో వి, జె స్థానంలో ఐ వాడతారన్నది మరచిపోతే సులువైన పదం కూడా చదవడానికి లొంగదు.

ఆ చిహ్నం అక్కడికి ఎందుకు వచ్చింది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చు. 1648 ప్రాంతం నుంచి 1672లో రాజు ప్రకటన వాటిని ఆపించే వరకు ఇంగ్లండ్‌లో వేలాది వర్తకులు సొంత ఫార్దింగులు, హాఫ్‌పెన్నీలు వేయించుకున్నారు. వాటి మీది డాళ్ళలో చాలా భాగం లండన్ వృత్తి సంఘాలవి. షెవ్రాన్ చుట్టూ తొమ్మిది లవంగాలు ఉంటే చేయించినవాడు కిరాణా వర్తకుడు. షెవ్రాన్ చుట్టూ మూడు మేక తలలు ఉంటే చెప్పులు కుట్టే సంఘం. మూడు పీపాలు ఉంటే ద్రాక్షసారా వర్తకుడు. కిరీటం పెట్టుకున్న కన్య బొమ్మ నడుము వరకు ఉంటే పట్టు, మేలి బట్టల వ్యాపారుల సంఘం. ఆ దుకాణదారుడికి సొంత వంశచిహ్నం ఉండాల్సిన అవసరమే లేదు.

అదే కాలపు బిళ్ళల మీద సింహం, సూర్యుడు, హంస వంటివి డాలు లేకుండా ఒంటరిగా కనిపిస్తే అవి ఎక్కువగా సత్రం లేదా దుకాణం ముందు వేలాడే బోర్డు బొమ్మలు. మధ్యలో మూడు అక్షరాలు ముక్కోణంగా ఉంటే వాటిని ఎవరి బిరుదుగానూ విడదీయబోకండి; పై అక్షరం ఇంటిపేరుది, కింది రెండూ భర్త పేరుకూ భార్య పేరుకూ మొదటి అక్షరాలు. భార్య పేరును కూడా డబ్బు మీద వేయించుకున్న ఆ చిన్న దుకాణాల లెక్క నాకు ఎప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది.

రెండో పెద్ద కెరటం 1787లో మొదలైంది. వేల్స్‌కు చెందిన ఆంగ్లేసీ దీవిలోని పారిస్ (Parys) రాగి గని కంపెనీ, ఓక్ ఆకుల దండలో ముసుగు వేసుకున్న డ్రూయిడ్ పూజారి తలతో పెన్నీలు వేసింది. ఆ తర్వాత పదేళ్ళ పాటు ఊరూరా రాగి టోకెన్లు వచ్చాయి. ఈ తరంలో వృత్తి సంఘాల కంటే నగరాల డాళ్ళు ఎక్కువ: వీపు మీద కోట మోసే ఏనుగు కొవెంట్రీది, కోట కింద నడిచే సింహం నార్విచ్‌ది, కోట నుంచి బయటికి వచ్చే ఓడ బ్రిస్టల్‌ది, మంటలు లేచే మూడు కోటలు డబ్లిన్‌వి. వాటి పక్కన పరిశ్రమల గుర్తులు కనిపిస్తాయి. ఉన్ని దువ్వేవారు తమ రక్షకుడిగా భావించిన బిషప్ బ్లెయిజ్ చేతిలో దువ్వెనతో 1791 నాటి లీడ్స్ హాఫ్‌పెన్నీ మీద నిలబడ్డాడు. దాని రెండో వైపు లీడ్స్ డాలులో గుడ్లగూబలు, వేలాడే గొర్రె ఉన్ని ఉన్నాయి. మూలమట్టం, వృత్తలేఖిని కలిసి ఉంటే ఫ్రీమేసన్లు అనే సోదర సంఘాన్ని తలచుకోవచ్చు.

ఫ్రాన్సులో ఇదే సమయంలో డాలు లేకపోవడమే ఒక సాక్ష్యం. విప్లవ ప్రభుత్వం 1790లో వంశచిహ్నాలను రద్దు చేసింది కనుక, 1791, 1792లలో మోన్నెరోన్ సోదరులనే ఫ్రెంచి వ్యాపారులు ఇంగ్లండ్‌లోని సోహో టంకశాలలో కొట్టించిన రాగి బిళ్ళల మీద రాజు డాలు కాక, ఈటె కొన మీద టోపీ పట్టుకొని కూర్చున్న స్వేచ్ఛాదేవి వంటి బొమ్మలు వచ్చాయి.

చిహ్నంతో కాలం కట్టడం

బ్రిటిష్ రాజచిహ్నం ఉంటే కాలం సులువుగా తేలుతుంది. జర్మనీలోని హానోవర్ వంశం బ్రిటిష్ గద్దె మీదికి వచ్చిన 1714 నుంచి డాలు నాలుగో గడిలో జర్మన్ చిహ్నాలు చేరాయి. ఫ్రాన్సు లిల్లీలు 1801 వరకు ఉన్నాయి. ఆ ఏడాది అవి తొలగి, హానోవర్ చిహ్నాలు మధ్యలోని చిన్న డాలులోకి వచ్చాయి. ఆ చిన్న డాలు మీద 1816 వరకు టోపీ, ఆ తర్వాత కిరీటం. 1837లో విక్టోరియా రాణి రావడంతో హానోవర్ వేరుపడి ఆ చిన్న డాలే పోయింది.

అయితే చిహ్నం చెప్పేది ఇంతకు ముందు కాదన్న హద్దును మాత్రమే. ఇంతకు తర్వాత కాదన్న హద్దును అది చెప్పదు. 1787 నుంచి 1799 వరకు వచ్చిన గినీ అనే బంగారు నాణెం మీది పార ఆకారపు డాలును అచ్చంగా దింపి, పేకాటలో పందెం లెక్కకు వాడే ఇత్తడి బిళ్ళలను 19వ శతాబ్దంలో విరివిగా చేశారు. లిల్లీలు కనిపించాయి కనుక 1801కి ముందుదేనని వాటి విషయంలో అనుకుంటే తప్పుతుంది. అలాగే గుర్రం మీద కిరీటధారి, కింద డ్రాగన్, పైన "టు హానోవర్" అన్న మాట ఉన్న ఇత్తడి బిళ్ళ, డ్రాగన్‌ను చంపిన సెయింట్ జార్జ్ పతకం కాదు. 1837లో కంబర్లాండ్ డ్యూక్ హానోవర్‌కు రాజుగా వెళ్ళడాన్ని ఎగతాళి చేసే బిళ్ళ. ఆ రకం మీద ఉన్న సంవత్సరం తయారీ సంవత్సరమే కావాలని కూడా లేదు.

ఒక బిళ్ళను పట్టుకొని నడుద్దాం

మీ చేతిలో 29 మిల్లీమీటర్ల దళసరి రాగి బిళ్ళ ఉందనుకోండి. ఒక వైపు గుర్రం మీద రాజు. రాతలో "గులియెల్మస్ టెర్టియస్" అన్నంత వరకు చదవగలరు. రెండో వైపు డాలులో నిలువుగా మూడు కిరీటాలు, తేదీ అరిగిపోయింది. మూడో విలియం 1689 నుంచి 1702 వరకు పాలించాడు కనుక ఇది అతని నాణెమని చెప్పాలనిపిస్తుంది. ఇక్కడ ఆగి వర్ణనను చూడండి. బిళ్ళ పరిమాణం, దళసరితనం 1787 తర్వాతి టోకెన్లకు సరిపోతున్నాయి. రాజచిహ్నం ఉండవలసిన చోట రాజ్యపు డాలు లేదు, నిలువు వరుసలో మూడు కిరీటాలు ఉన్నాయి. అవి హల్ నగరానివి. అయితే ఆ నగరానికీ గుర్రం మీది విలియమ్‌కూ సంబంధం ఏమిటి? హల్ నగరంలో 1734లో షీమేకర్స్ అనే శిల్పి చేసిన మూడో విలియం అశ్వారూఢ విగ్రహం ఉంది. బిళ్ళ మీది గుర్రం ఆ విగ్రహమే. ఇప్పుడు అంచును తిప్పి చూస్తే జోనథన్ గార్టన్ కంపెనీ గిడ్డంగిలో చెల్లుతుందన్న మాటలు కనిపిస్తాయి. 1791 నాటి హల్ హాఫ్‌పెన్నీ అది. రాజు అక్కడికి ఊరి విగ్రహంగా వచ్చాడు, డాలు ఊరి పేరుగా వచ్చింది. డబ్బు చెల్లించే మనిషి పేరు మాత్రం అంచులో దాక్కుంది.

రెండు ముఖాలూ పొసగకపోతే

ఎంత ప్రయత్నించినా బొమ్మకూ బొరుసుకూ పొంతన కుదరకపోతే మీ తెలివిని అనుమానించకండి. 1790లలో టోకెన్ల సేకరణ వేడిగా సాగింది. ఎవరి దగ్గరా లేని రకాలను అమ్మడానికి తయారీదారులు ఒక ఊరి అచ్చును మరో ఊరి అచ్చుతో జతచేసి కొట్టారు. వీటిని మ్యూల్స్, అంటే కంచరగాడిదలు, అంటారు. అలాంటి బిళ్ళలో డాలు ఒక కథ చెబుతుంది, వెనుక వైపు ఇంకో కథ చెబుతుంది, అంచు మూడోది చెబుతుంది. మూడింటినీ కలిపి ఒకే కథ అల్లడం వ్యర్థం. ఇంకో రకంలో రాజు తల, కూర్చున్న బ్రిటానియా (బ్రిటన్‌ను స్త్రీగా చూపే బొమ్మ) సరిగ్గా హాఫ్‌పెన్నీలాగే ఉండి, రాత మాత్రం "జార్జ్ రూల్స్" అని గాని, "బ్రిటన్స్ ఐల్స్" అని గాని ఉంటుంది. దొంగ నాణెం చేసిన నేరం మీద పడకుండా తప్పించుకోవడానికి రాతను మార్చిన బిళ్ళలవి. వాటికి చిహ్న విశ్లేషణ అక్కరలేదు.

వెతకడం, రాసి పెట్టడం

వర్ణన సిద్ధమయ్యాక వెతకండి, అంతకు ముందు కాదు. కుటుంబాల డాళ్ళ పుస్తకాలు ఎక్కువగా ఇంటిపేరు క్రమంలో ఉంటాయి. మీకు తెలియనిదే ఇంటిపేరు. 19వ శతాబ్దంలో వచ్చిన పాప్‌వర్త్ సంకలనం డాలు మీది వస్తువుల క్రమంలో సాగుతుంది కనుక బొమ్మ నుంచి పేరుకు వెళ్ళడానికి అదే దారి. 18వ శతాబ్దపు టోకెన్లకు డాల్టన్, హామర్ కేటలాగు ప్రామాణికం. అది కౌంటీల వారీగా నంబర్లు ఇస్తుంది కనుక నగరపు డాలు తేలితే ఏ పుటలు చూడాలో తేలిపోతుంది. బ్రిటిష్ మ్యూజియం సంగ్రహం, ఇంగ్లండ్, వేల్స్ నేలలో దొరికినవాటిని నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ జాబితా ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకవచ్చు. వెతికే మాటలు ఇంగ్లీషు హెరాల్డ్రీ మాటలుగా ఉండాలి. "మూడు మేకలు" అని వెతికితే ఏమీ రాదు, "షెవ్రాన్ బిట్వీన్ త్రీ గోట్స్ హెడ్స్" అన్న వరుసకు జవాబు దొరుకుతుంది.

పోలిక దొరికిందనిపించినప్పుడు బొమ్మ ఒకేలా ఉందని ఊరుకోకుండా, అక్షరాలు డాలు అంచుకు ఎక్కడ తగులుతున్నాయి, కిరీటం కొన ఏ అక్షరం కిందికి వస్తున్నది, తేదీలోని అంకెల మధ్య ఎడం ఎంత అన్నవి చూడండి. ఒకే టోకెన్‌ను పలు అచ్చులతో కొట్టేవారు. ఈ చిన్న తేడాలే సరైన నంబరును తేలుస్తాయి. బరువు కేటలాగు బిళ్ళ కంటే చాలా తక్కువైతే అది ఆ రోజుల్లోనే తయారైన నకిలీ కావచ్చు.

చివరగా ఒక చీటీ మీద ముందు మీరు చూసినదాన్ని, కింద మీరు ఊహించినదాన్ని వేర్వేరుగా రాయండి: కొలతలు, బరువు, వర్ణన, అంచు రాత, చదవలేని అక్షరాల స్థానంలో చుక్కలు, ఆ తర్వాత గుర్తింపు, కేటలాగు నంబరు, ఎంత నమ్మకంతో చెబుతున్నారన్న మాట. ఆ చీటీతో పాటు బిళ్ళను ఆమ్లం లేని కాగితపు కవరులో ఉంచండి. మెత్తటి పివిసి ప్లాస్టిక్ సంచులు రాగి మీద జిగట పచ్చటి పొరను తెస్తాయి కనుక వాటిలో పెట్టకండి.